చిన్న కారు రేడియేటరు: మాటువేత నుండి మార్పిడి వరకు

1888వ సంవత్సరము ఆగస్టు మాసమున, భర్తకు ముందుగా తెలుపకయే ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నగరమునుండి తన పుట్టినింటివారున్న ఫోర్ట్స్‌హైమునకు మూడు చక్రముల మోటారు బండిపై బయలుదేరిన బెర్తా బెంజ్‌ను, నూరు కిలోమీటర్లకు పైబడిన ఆ త్రోవలో మాటిమాటికి నిలువరించినది నీటి కొరత. ఆమె భర్త కార్ల్ బెంజ్ 1886లో హక్కుపత్రము కోరిన ఆ బండిలో, సిలిండరుచుట్టును నిలిచిన నీరు మరిగి ఆవిరియై పోవుటయే యంత్రమును చల్లబరచు విధానము. కనుక పోయిన నీటిని బావులనుండియు వాగులనుండియు పూటకూళ్ల యిండ్లనుండియు తెచ్చి పోయుచుండక తప్పినది కాదు. నేడు ఒక చిన్న కారు నాలుగు లీటర్లకు మించని ద్రవముతో సంవత్సరముల తరబడి తిరుగుచున్నదన్నచో, ఆ ద్రవమును వృథా పోనీయక మరల మరల చల్లార్చి యంత్రమునకు పంపు రేడియేటరే అందులకు కారణము. ఆ పరికరము పుట్టిన తీరును, దానికి మాటు వేసి బ్రదికిన ఒక వృత్తి మన పట్టణములలో వర్ధిల్లి సన్నగిల్లిన విధమును, పాతదానిని తీసి క్రొత్తదానిని బిగించుటయే తుదకు ఆచారమైన క్రమమును చెప్పవలెనని నా యుద్దేశము.

బెంజ్ బండిలోని చిక్కును విప్పిన ఘనత ప్రధానముగా విల్హెల్మ్ మేబాకునకు చెందును. బాల్యముననే తల్లిదండ్రులను గోలుపోయి, రాయిట్లింగెన్ పట్టణములోని ఒక ధర్మసంస్థలో పెరిగి, అచ్చటనే గాట్లీబ్ డైమ్లర్ దృష్టిలో బడి, ఆయన జీవితాంతమును ఆయనకు కుడిభుజమై నిలిచిన ఈ శిల్పి, 1889లో నిర్మించిన తీగచక్రముల బండిలో చట్రపు గొట్టములలోనే నీటిని పారించి చల్లార్చుటకు యత్నించెను. ఆ యుక్తి సుందరమైనదే గాని, నానాటికి శక్తి పెరుగుచున్న యంత్రముల తాపమునకు అది చాలకపోయెను. డైమ్లర్ గతించిన 1900వ సంవత్సరముననే, నీస్ నగరవాసియైన ఎమిల్ యెల్లినెక్ అను వర్తకుడు ముప్పదియైదు అశ్వశక్తుల వేగవంతమైన కారు కావలెనని పట్టుబట్టగా, మేబాక్ దానికొరకు తేనెపట్టు ఆకృతిగల రేడియేటరును కల్పించెను. ప్రక్కకు ఆరేసి మిల్లీమీటర్లుగల చతురస్రపు సన్నగొట్టములు 8,070 ఒకదానిప్రక్క నొకటి పేర్చి అతికి, గొట్టములలోనుండి గాలియు, గొట్టముల నడిమి సందులలోనుండి నీరును పోవునట్లు చేసి, వెనుక నొక పంకాను అమర్చుటతో, అంతకుముందు పదునెనిమిది లీటర్లు కావలసిన నీరు తొమ్మిది లీటర్లకు దిగినది. ఆ సంవత్సరము డిసెంబరు 22న యెల్లినెక్కునకు అందిన ఆ కారు, ఆయన కుమార్తె మెర్సెడెస్ పేరు దాల్చి, మరుసటి మార్చిలో నీస్ పందెములలో తక్కినవానిని వెనుకకు నెట్టుటకు గల కారణములలో ఈ చల్లార్పు సామర్థ్యము ముఖ్యమైనది. పలుచని లోహము, విశాలమైన ఉపరితలము, ఎడతెగని గాలి అను మేబాక్ సూత్రమును దాటి నేటివరకు ఏ రేడియేటరును పోయినది కాదు. తరువాత మారినదెల్ల లోహమును, అతుకును, ఆ అతుకువేయు చేయియు మాత్రమే.

ధనికుల కార్లనుండి సామాన్యుల కార్లకు వచ్చునప్పటికి పొదుపు ముందునకు వచ్చెను. ఫోర్డు కంపెనీ 1908లో వెలువరించిన మోడల్ టి కార్లలో మొదటి రెండువేల అయిదువందలకు మాత్రమే నీటి పంపు ఉండెను. పిమ్మట దానిని తొలగించి, వేడినీరు తేలికయై పైకి లేచుట, చల్లారిన నీరు బరువై క్రిందికి దిగుట అను ప్రకృతిధర్మముపైననే భారము మోపిరి. ఇంగ్లండులో 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ అను చిట్టికారును అదే మార్గమును అనుసరించెను. పంపు లేదు గనుక పంపు చెడుటయు లేదు. అయితే రేడియేటరులోని నీటిమట్టము పై గొట్టపు నోటికంటె దిగువకు జారినచో ప్రవాహము తెగిపోయి యంత్రము క్షణములో కాగిపోవును. ఈ చిక్కు వలదనుకొన్న ఫోక్స్‌వాగన్ బీటిల్, 1957నాటి ఫియట్ 500 మొదలగునవి నీటిని పూర్తిగా విసర్జించి గాలితోనే చల్లారినవి. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీకారు మరియొక సమస్యను తెచ్చిపెట్టెను: పది అడుగుల పొడవులో నలుగురు కూర్చుండుటకు చోటు చేయదలచి యంత్రమును అడ్డముగా పెట్టుటచేత, ముందుభాగమున గాలికి ఎదురుగా ఉండవలసిన రేడియేటరు ప్రక్కకు జరిగి ఎడమ చక్రపు గూటివైపు ముడుచుకొని నిలువవలసివచ్చెను. చిన్న కారునందు రేడియేటరు మార్చుట కష్టమగుటకు దాని బరువు కారణము కాదు, దానిచుట్టును చేయి దూరనంత ఇరుకు కారణము. ఆ ఇరుకునకు మినీయే తొలి గురువు.

ఈ నడిమి కాలముననే నీటి పంపులు మరలివచ్చినవి, యంత్రము కాగువరకు నీటిని ఆపి కాగిన పిదప విడుచు థర్మోస్టాటు వచ్చినది, ఒత్తిడిని నిలుపు మూత వచ్చినది. వీనిలో మూత కడు చిన్నదైనను ఫలమున పెద్దది: లోపలి ఒత్తిడి బయటి వాతావరణ పీడనమునకు రెట్టింపైనచో నీరు నూరు డిగ్రీలవద్ద గాక నూటయిరువది డిగ్రీల ప్రాంతమున మరుగును గనుక, అంతే నీరు, అంతే రేడియేటరు, ఎక్కువ తాపమును మోయగలిగెను.

మన దేశమున చాల కాలము మూడు కార్లదే రాజ్యము. ఉత్తరపాడాలో 1957 ప్రాంతమునుండి తయారైన అంబాసిడరు, బొంబాయిలోని కుర్లాలో 1964నుండి తయారై పిమ్మట పద్మినిగా పేరుమారిన ఫియట్ 1100, మద్రాసులో 1961నుండి తయారైన స్టాండర్డ్ హెరాల్డు అనునవి ఆ మూడు. వీని రేడియేటర్లన్నియు ఒకే జాతివి: పైన ఒక ఇత్తడి తొట్టి, క్రింద మరియొకటి, రెంటి నడుమ నిలువున దిగు సన్నని ఇత్తడి గొట్టములు, వానికి అడ్డముగా అతికిన రాగిరేకుల రెక్కలు. పంకాను యంత్రమే బెల్టుద్వారా త్రిప్పును గనుక, బండి జనసమ్మర్దములో నిలిచి యంత్రము మెల్లగా నడచినప్పుడు పంకాయు మెల్లగానే తిరుగును. గాలి అధికముగా కావలసిన సమయముననే అది తక్కువ లభించును. మే మాసపు ఎండలో బెజవాడ వీధులలో అంబాసిడరు నడిపినవారికి దీని యర్థము వేరుగ చెప్పనక్కరలేదు.

అంతకంటె కఠినమైన పరీక్ష కొండదారి. తిరుమలకు 1944లో మొదటి ఘాటు రోడ్డు ఏర్పడినది మొదలు 1974లో రెండవది వచ్చువరకు ఎక్కుటకును దిగుటకును అదియొక్కటే మోటారు దారి. నిండుగా జనులనెక్కించుకొని, తక్కువ గేరులో, యంత్రము హోరెత్తుచుండగా బండిమాత్రము నత్తనడక నడుచు ఆ మలుపులలో, యంత్రము పుట్టించు తాపము మిక్కుటము, రేడియేటరునకు ఎదురువచ్చు గాలి అత్యల్పము. అందుచేత త్రోవ ప్రక్కన బానెట్టు లేపి నిలిచిన కార్లును, వాని ముందు డబ్బాలతో నీరు పట్టుకొని నిలుచున్న డ్రైవర్లును ఆనాటి యాత్రలో ఒక భాగము. తొందరపడి మూత త్రిప్పినవారిపై, ఒత్తిడి యొక్కసారిగా సడలి, అంతవరకు ద్రవరూపమున నున్న నీరు ఆవిరియై చిమ్మి, ముఖములను చేతులను కాల్చివైచెడిది. మూతమీద మందపు గుడ్డ వేసి, మొదటి మెట్టువరకే త్రిప్పి, ఆవిరి పోనిచ్చి, పిమ్మట తీయవలెనని పెద్ద డ్రైవర్లు క్లీనరు కుర్రవాండ్రకు మొదట నేర్పు పాఠములలో నొకటి.

ఇట్లు కాగి, త్రుప్పుపట్టి, కంపనములకు అతుకులు విడి, కారుట మొదలిడిన రేడియేటరును ఎవరును పారవేసెడివారు కారు. విజయవాడ ఆటోనగరులోను, సికింద్రాబాదు రాణిగంజులోను, జిల్లా కేంద్రముల లారీ స్టాండ్ల సమీపమునను 'రేడియేటర్ వర్క్స్' అని రంగుతో వ్రాసిన రేకు బోర్డుల క్రింద ఆ వైద్యము జరిగెడిది. ఈ విద్యకు పేరు క్రొత్తదే గాని సరకు పాతది. తగరము, సీసము, నవాసాగరము, ఇత్తడి రేకు, బొగ్గుల సెగ అనునవి మన కంచరులకును కళాయివాండ్రకును తరతరములుగా పరిచితములు. పెంబర్తిలో ఇత్తడి రేకును తీర్చు శిల్పికి గాని, శ్రీకాకుళము సీమలోని బుడితిలో ఇత్తడి పాత్రలు చేయు కంచరికి గాని ఈ లోహము ఎంత సెగకు ఎట్లు లొంగునో ఒకరు చెప్పవలసిన పని లేదు. పరదేశమున పుట్టిన యంత్రభాగము మన పట్టణములలో అంత సులభముగా ఇల్లు చేసికొనగలుగుటకు హేతువు, దానిని బాగుచేయు చేతి నేర్పు దానికంటె ముందే ఇచ్చట ఉండుటయని నా నమ్మకము.

పనివాడు మొదట రేడియేటరు నోళ్లను రబ్బరు బిరడాలతో మూసి, ఒక నోట గాలి యెక్కించి, నీటితొట్టిలో ముంచి, బుడగలు లేచు చోటును కనిపెట్టును. చిల్లు పైభాగమున నున్నచో పని సులభము: ఆ తావును గీకి తళతళలాడజేసి, హైడ్రోక్లోరికామ్లములో తుత్తునాగపు ముక్కలు వేసి పొంగు అణగిన పిదప మిగిలిన ద్రవమును కుంచెతో పూసి, వేడి చూపి, సీసము తగరము కలిసిన కడ్డీని తాకించినచో మాటు పరుగెత్తి చిల్లును కప్పును. చిల్లు లోపలనుండి వచ్చినచో, లేక గొట్టములు పూడుకొనిపోయినచో, పై తొట్టినే ఊడదీయవలెను. ఇచ్చటనే నేర్పునకు పరీక్ష. సీసము తగరముల మిశ్రమము 183 డిగ్రీలవద్దనే మెత్తబడ నారంభించును. రేడియేటరు సమస్తమును ఆ మిశ్రమముతోనే అతుకబడియుండును గనుక, ఒక అతుకును విప్పబోయి సెగను క్షణము ఎక్కువసేపు నిలిపినచో ప్రక్క అతుకులెల్ల కరగి జారిపోవును. తడిగుడ్డలు చుట్టి ఇరుగుపొరుగు అతుకులను కాపాడుచు, జ్వాలను నిలువనీయక ఆడించుచు, తొట్టిని చెక్కుచెదరక పైకెత్తుట సంవత్సరముల శుశ్రూషచేతగాని పట్టుబడు విద్య కాదు. తొట్టి తీసిన పిమ్మట, సన్నని బద్దను ఒక్కొక్క గొట్టములోనికి దింపి, బోరుబావుల కఠినజలము కట్టిన సున్నపు పొరను రాల్చుట. బాగుపడని గొట్టమును రెండు కొనలయందును మాటుతో మూసి, దానిని విడిచి తక్కినవానితో పని నడుపుట. మరల తొట్టి అతికి, ఆమ్లశేషము పోవునట్లు నీటితో కడిగి, రెక్కల సందులు పూడకుండ పలుచగా నల్లరంగు చల్లుట.

ఈ విద్యను ఎంత గౌరవించినను, దాని చీకటి పార్శ్వమును విడిచి చెప్పుట ధర్మము కాదు. ఆమ్లపు పొగ కన్నులను రొమ్మును మండించును. అంతకంటె ఘోరమైనది సీసము. గీకినప్పుడు లేచు ధూళియు, సెగలో లేచు పొగయు, చేతులు కడుగక తిన్న అన్నముతో లోపలికి పోవు రజమును కలిసి, రక్తమున సీసము పేరుకొనుట రేడియేటరు పనివారికి పట్టు వృత్తిరోగమని అనేక దేశముల వైద్యులు గుర్తించిరి. తలుపులు లేని ఇరుకు కొట్టులలో, పండ్రెండేండ్ల ప్రాయముననే పనిలోనికి దిగిన కుర్రవాండ్రకు ఈ సంగతి చెప్పినవారు మిక్కిలి అరుదు. పాతదియంతయు మంచిదను భావముతో ఈ చరిత్రను చదువువారు ఈ సత్యమును మరువరాదు.

మార్గమధ్యమున మెకానిక్కు దొరకనిచోట డ్రైవర్లు వాడిన ఉపాయము ఒకటి కలదు. సన్నని చిల్లు కారుచున్నప్పుడు గుప్పెడు పసుపు పొడి రేడియేటరులో పోయుట. పొడి నీటితో తిరిగి, చిల్లువద్ద చేరి, ఉబ్బి, దానిని కొంతసేపు మూయును. ఊరు చేరువరకు అది ప్రాణరక్షణమే. అయితే అదే పొడి సన్నని గొట్టములలోను, కారులోని హీటరులోను చేరి పేరుకొనిన, మూసినది ఒక చిల్లు, పూడ్చినది పది దారులు కాగలదు.

1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 కార్ల తాళములు కొనుగోలుదారుల చేతికి అందినవి. 796 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల యంత్రము అడ్డముగా కూర్చుండి, ముందుచక్రములను త్రిప్పు ఈ చిన్న కారులో రేడియేటరు పంకాకు యంత్రపు బెల్టుతో సంబంధము లేదు. నీటి వేడిమిని కనిపెట్టు స్విచ్చు ఆజ్ఞాపించినప్పుడు విద్యుత్తుతో తిరిగి, చల్లారగానే ఆగిపోవును. కావున బండి నిలిచియున్నను గాలి పూర్ణముగా అందును. కాగినప్పుడు పొంగిన ద్రవము ప్రక్కనున్న చిన్న డబ్బాలోనికి పోయి, చల్లారినప్పుడు మరల లోపలికి పీల్చబడును. ప్రతి ఉదయము మూత తీసి నీరు చూచు తరతరముల యలవాటు దీనితో సడలెను. ఆ యలవాటుతో పాటు, కాలువనీటితో నింపు యలవాటు కూడ పోయి, త్రుప్పు పట్టనీయని రంగు కూలెంటు వచ్చినచో మేలే. చాలమంది మాత్రము చూచుట మానిరి, కుళాయినీరు పోయుట మానలేదు.

ఇంతలో దూరదేశములందు మరియొక మార్పు జరిగినది. రాగి ధర పెరుగుట, ఇంధనపు పొదుపునకై బండి బరువు తగ్గింపవలసివచ్చుట అను రెండు కారణములచేత, 1970వ దశకమున ఐరోపా కార్లవారు రాగి ఇత్తడులను విడిచి అల్యూమినియమునకు మరలిరి. వేడిమిని పారించుటలో అల్యూమినియము రాగిలో ఆరుపదవవంతులే. కాని బరువులో మూడవవంతు కన్న తక్కువ. గొట్టములను వెడల్పు చేసి, రెక్కలను దగ్గరగా మడిచి ఆ లోటును పూరించిరి. అల్యూమినియముపై గాలి తగులగానే ఏర్పడు ఆక్సైడు పొర మాటును అంటనీయదు. ఆ పొరను కరగించు ద్రావకముతో, గాలి చొరని కొలిమిలో, ఆరువందల డిగ్రీల ప్రాంతమున, గొట్టములును రెక్కలును కలిసిన నడిమి భాగమగు కోర్ మొత్తమును ఒక్కసారి అతుకు పద్ధతి కర్మాగారములలో నెలకొన్నది. అల్యూమినియము 660 డిగ్రీలవద్ద తానే కరగిపోవును గనుక, అతుకునకును నాశమునకును నడుమ ఉన్న ఎడము అతిస్వల్పము. వీధికొట్టులో జ్వాలను కంటితో చూచి సాధింపదగిన పని కాదది. తొట్లు ఇత్తడివి పోయి గాజునార కలిపిన నైలాన్‌వి వచ్చినవి. నడుమ రబ్బరు పట్టీ పెట్టి, కోర్ అంచులోని పండ్లను తొట్టిమీదికి వంచి నొక్కుటయే వాని బంధము. వంచిన పండ్లను ఒకసారి లేపి మరల వంచినచో విరుగును. నైలాన్ తొట్టి ఏండ్ల తరబడి వేడికి పెళుసెక్కి, గొట్టము తగులు మెడవద్ద పగులును. దానికి జిగురు పూయవచ్చును గాని మాటు వేయరాదు. కాలక్రమమున మన చిన్న కార్లన్నిటికి ఇవియే వచ్చినవి. ఎవరును వృత్తిని నిషేధింపలేదు. ఎవరును మాటు వేయువానిని వెళ్లగొట్టలేదు. అతనికి తెలిసిన లోహమును బండినుండి తీసివేసిరి, అంతియే.

అప్పటినుండి రేడియేటరు పనియనగా మార్పిడియే. ఆ పనియందును ఒక క్రమము కలదు. ఆ క్రమమును తెలియక చేసినవాడు క్రొత్త వస్తువును పాతదానివలెనే చెరచును. యంత్రము పూర్తిగా చల్లారువరకు మూత ముట్టరాదు. పంకా తలవని తలంపుగా తిరుగవచ్చును గనుక బ్యాటరీ తీగను ముందు విప్పవలెను. అడుగు బిరడా వదల్చి ద్రవమును పళ్లెములో పట్టి, అది తియ్యగా నుండి విషమగుటచేత పశువులకును పిల్లలకును అందనిచోట ఉంచవలెను. పై హోసును క్రింది హోసును విప్పునప్పుడు, ఏండ్ల వేడికి అంటుకొనిపోయిన రబ్బరును స్క్రూడ్రైవరుతో పెకలింపక మెలిత్రిప్పి సడలింపవలెను. ఎట్లును ఆ హోసులు క్రొత్తవి వేయుటయే మేలు గనుక కోసి తీసినను నష్టము లేదు. పంకా తీగ విడదీసి, డబ్బాకు పోవు సన్నగొట్టము తీసి, పై బోల్టులు విప్పి, రేడియేటరును నిట్టనిలువుగా పైకి లేపవలెను. దాని అడుగు కొనలు కూర్చుండు రబ్బరు దిండ్లను పారవేయక క్రొత్తదానికి పెట్టుకొనవలెను. అవి లేనిచో కంపనమంతయు నైలాన్ తొట్టిపై బడి పగుళ్లు తెచ్చును. పంకాను పాతదానినుండి క్రొత్తదానికి మార్చునప్పుడు బోల్టు ఒక మిల్లీమీటరు పొడవైనదైనను కోరులోనికి దిగి చిల్లుచేయును. కాగితమంత పలుచని ఆ రెక్కలకు, పని ముగియువరకు, ఒక అట్ట అడ్డముగా కట్టుట తెలివిగల మెకానిక్కుల పద్ధతి.

బిగించుటకంటె నింపుట కష్టము. లోపల చిక్కిన గాలి బుడగ యంత్రపు తలవద్ద నిలిచిన, అక్కడ ద్రవము తగులదు, లోహము కాగిపోవును. వేడిమిని తెలుపు ముల్లుమాత్రము కొన్నిసార్లు చల్లగానే ఉన్నట్లు చూపును. అందుచేత మూత తీసియుంచి, హీటరు పూర్తిగా తెరచి, సగము కూలెంటు సగము శుద్ధజలము కలిపి మెల్లగా పోసి, యంత్రమును నడపి, థర్మోస్టాటు తెరచుకొని పై హోసు వేడెక్కువరకు, బుడగలు లేచుట ఆగువరకు, పంకా ఒకటికి రెండుసార్లు తిరిగి ఆగువరకు వేచియుండవలెను. ఈ వేచియుండుటకు కూలి లేదు గనుక దీనిని విడిచిపెట్టువారే యెక్కువ.

రేడియేటరు మార్పించిన పక్షములోనే బండి మరల కాగినదని వచ్చు ఫిర్యాదులకు మూలము పలుమారులు రేడియేటరులో ఉండదు. థర్మోస్టాటు బిగిసిపోవుట, పంకా స్విచ్చు చచ్చుట, నీటి పంపు రెక్క అరుగుట, ఒత్తిడి మూత స్ప్రింగు సడలుట, హెడ్ గ్యాస్కెట్టు కాలి దహనవాయువు నీటిలోనికి చొచ్చుట, వీనిలో ఏదైనను కావచ్చును. పాత పనివాడు తొట్టి తీసి చూచినప్పుడు లోపలి పొర రంగునుబట్టి, నూనె జిడ్డునుబట్టి, త్రుప్పునుబట్టి రోగమూలమును ఊహించుచుండెను. తీసినదానిని తెరువక పారవేయు నేటి పద్ధతిలో ఆ సాక్ష్యము కూడ పాతసామానులోనికే పోవుచున్నది. మార్పిడిని నేను దూషింపను. సీసపు పొగనుండి కొందరినైనను అది తప్పించినది, వస్తువు తేలికయైనది, పని కొన్ని గంటలలో ముగియుచున్నది. కాని పాత రేడియేటరును కోసి చూపి కారణము చెప్పగల మెకానిక్కునకు, చెప్పలేనివానికి నడుమ భేదమును యజమానులు గుర్తింపకున్నంతకాలము, ఒకే కారునకు రెండవ రేడియేటరు, మూడవ రేడియేటరు కొనుచునే యుందురు.

మాటువేత పూర్తిగా నశింపలేదు. పాత లారీలకు, ట్రాక్టర్లకు, జనరేటర్లకు రాగి ఇత్తడి రేడియేటర్లు నేటికిని కలవు. ఆటోనగరులలో కొన్ని కొట్లు వానిమీదనే నడచుచున్నవి. 2014లో మారుతి 800 తయారీయు, అంబాసిడరు తయారీయు ఆగిపోయిన పిదప, మిగిలిన పాత అంబాసిడర్లను ప్రేమతో కాపాడుకొనువారు ఇత్తడి తొట్టి అతుకగల చేతికొరకు ఊరూరు వెదకుచున్నారు. తక్కిన కొట్లు బోర్డు మార్చక పని మార్చుకొన్నవి: గోడకు క్రొత్త అల్యూమినియము రేడియేటర్లు అట్టపెట్టెలలో వరుసగా నుండును, ఒక మూల ఊడదీసినవి తూకమునకు సిద్ధముగా నుండును. నీటితొట్టిని మాత్రము జాగ్రత్తగల కొట్టువారు తీసివేయలేదు. పెట్టెలోనుండి తీసిన క్రొత్త రేడియేటరునైనను, కారునకు ఎక్కించుటకు ముందు, నోళ్లు మూసి గాలి పట్టించి అందులో ముంచి చూచుచున్నారు. రవాణాలో దెబ్బతిన్నది ఒకటి అప్పుడప్పుడు అందులోనే పట్టుబడుచున్నది.